నార్వేలో పిల్లల చదువు: బార్నెహాగె నుంచి పీహెచ్‌డీ దాకా తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఓస్లోలోనో స్టావాంగర్‌లోనో ఉద్యోగం ఖాయమై పిల్లలతో బయల్దేరే తెలుగు తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న "అక్కడ మంచి స్కూలు ఏది?" అని. నార్వేలో ఆ ప్రశ్నకు పెద్దగా పని లేదు. పిల్లల్లో అత్యధికులు ఇంటి దగ్గరి ప్రభుత్వ బడికే వెళ్తారు. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు, ర్యాంకు ఉండదు. తెలుసుకోవాల్సినవి వేరే రెండున్నాయి. ఏ పని ఏ తేదీలోపు చేయాలి? పిల్లలకు నార్వేజియన్ భాష ఎంత త్వరగా వస్తుంది? ఇక్కడ తక్కువ మార్కులను తర్వాత దిద్దుకోవచ్చు. దాటిపోయిన గడువుకు మాత్రం ఏడాది మూల్యం చెల్లించాలి. పెద్ద వయసులో వచ్చి, భాష నేర్వడం ఆలస్యమైన పిల్లలకు ఇంకా ఎక్కువ నష్టం. కింద ఉన్నదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: ఇల్లు చూసుకునే ముందే బడి చూసుకోండి

పదో తరగతి వరకు బడులు నడిపేది కొమ్మూనె, అంటే స్థానిక పురపాలక సంస్థ. మీ చిరునామాకు ఏ బడి దగ్గరైతే అందులో చేరే హక్కు మీ బిడ్డకు ఉంటుంది. కాబట్టి ఇల్లు ఎంచుకోవడమే బడి ఎంచుకోవడం. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ వీధి ఏ బడి కిందికి వస్తుందో కొమ్మూనె వెబ్‌సైట్‌లో చూడండి. వేరే బడి కోరవచ్చు గానీ, ఖాళీ ఉంటేనే ఇస్తారు.

అదే సమయంలో ఇంకో విషయం కనుక్కోండి. నార్వేజియన్‌కు రెండు లిఖిత రూపాలున్నాయి: బూక్‌మోల్, నీనోర్ష్క్. ఓస్లో, దాని చుట్టుపక్కల బూక్‌మోల్‌లో చెబుతారు. పశ్చిమ తీరంలో చాలా చోట్ల నీనోర్ష్క్. రెండేళ్లలో ఊరు మారే ఆలోచన ఉంటే ఈ తేడా పిల్లల మీద పడుతుంది.

దిగిన వెంటనే పోలీసుల దగ్గర నివాస కార్డు, పన్ను శాఖ దగ్గర గుర్తింపు తనిఖీ పూర్తి చేసి జాతీయ గుర్తింపు సంఖ్య తెచ్చుకోండి. బడి, బార్నెహాగె (బడి వయసు రాని పిల్లలు వెళ్లే శిశు కేంద్రం), డాక్టరు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. భారత్ నుంచి వచ్చేవారికి క్షయ పరీక్ష తప్పనిసరి. పిల్లల టీకాల కార్డు, చివరి తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు ఇంగ్లీషులో దగ్గర ఉంచుకోండి. మూడు నెలలకు మించి ఉంటారని తేలితే పిల్లలకు చదువు హక్కు ఉంటుంది. మూడు నెలలు దాటాక అది బాధ్యత కూడా. "ఇంకా సర్దుకోలేదు" అని ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

రెండో అడుగు: ఆరేళ్లలోపు పిల్లలకు బార్నెహాగె

ఏడాది నిండిన పిల్లల నుంచి అయిదేళ్ల వాళ్ల దాకా బార్నెహాగెకు వెళ్తారు. ఇది తప్పనిసరి కాదు, కానీ దాదాపు అందరూ పంపుతారు. ఆగస్టులో మొదలయ్యే సీట్లకు చాలా కొమ్మూనెల్లో ప్రధాన గడువు మార్చి 1. ఆ తేదీకి దరఖాస్తు చేసినవారికే సీటు హక్కుగా వస్తుంది. ఏడాది మధ్యలో దిగినవారు వెంటనే దరఖాస్తు వేసి, ఖాళీ కోసం ఎదురు చూడాలి. దూరంగా ఉన్న బార్నెహాగెలో ముందు దొరుకుతుంది, తర్వాత మారవచ్చు.

ఫీజుకు దేశమంతటికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2025 ఆగస్టు నుంచి అది నెలకు 1200 క్రోనర్లు. భోజనం ఖర్చు వేరు. రెండో బిడ్డకు 30 శాతం తగ్గింపు, మూడో బిడ్డకు ఉచితం. కుటుంబ ఆదాయంలో 6 శాతం మించకూడదన్న నియమమూ ఉంది. భార్యాభర్తల్లో ఒకరికే ఉద్యోగం ఉన్న ఇళ్లలో దీనికి దరఖాస్తు పెట్టుకుంటే కొందరికి తగ్గింపు వస్తుంది. దానంతట అదే రాదు, అడగాలి.

అక్కడ ఏం నేర్పుతారన్నది మనవాళ్లను బాగా కలవరపెడుతుంది. అక్షరాలు దిద్దించరు, ఎక్కాలు చెప్పించరు. వాన పడినా మంచు కురిసినా బయట ఆడిస్తారు. చిన్న పిల్లలు చలికాలంలోనూ బయట ప్రామ్‌లోనే మధ్యాహ్నం నిద్రపోతారు. జలుబు చేస్తుందని భయపడి ఇంట్లో ఉంచేస్తే పిల్లలు భాషకూ స్నేహాలకూ దూరమవుతారు. మీరు చేయాల్సింది మంచి బట్టలు కొనడం. ఒంటికి ఆనుకుని ఉన్ని లోపలి బట్టలు, పైన చలికి ఒకే ముక్కగా ఉండే సూట్, వానకు రబ్బరు సూట్, బూట్లు, రెండు మూడు జతల చేతి తొడుగులు. అన్నిటి మీదా పేరు రాయాలి. పిల్లలకు త్వరగా చిన్నవైపోతాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఇక్కడ మామూలే, అందులో నామోషీ లేదు.

నా మటుకు నేను గట్టిగా చెప్పేది ఇదే: నాలుగైదేళ్ల బిడ్డతో వస్తే, తల్లి ఇంట్లోనే ఉన్నా సరే, బార్నెహాగెకు పంపండి. ఒకటో తరగతి గుమ్మం దగ్గరికి భాషతో వచ్చిన బిడ్డకూ, భాష లేకుండా వచ్చిన బిడ్డకూ తేడా ఏళ్ల తరబడి కనిపిస్తుంది. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి. మీకు వచ్చీరాని నార్వేజియన్‌లో బిడ్డతో మాట్లాడితే రెండు భాషలూ గట్టిపడవు.

మూడో అడుగు: ఒకటి నుంచి ఏడు

ఆరేళ్లు నిండే సంవత్సరం ఆగస్టులో ఒకటో తరగతి. డిసెంబరులో పుట్టినా జనవరిలో పుట్టినా ఆ ఏడాది పిల్లలందరూ ఒకే తరగతి. 1997కు ముందు ఏడేళ్లకు మొదలయ్యేది. ఆ ఏడాది సంస్కరణతో ఆరేళ్లకు తెచ్చి, తప్పనిసరి చదువును పదేళ్లు చేశారు. ఒకటి నుంచి ఏడు బార్నెస్కూలె, ఎనిమిది నుంచి పది ఉంగ్‌డమ్స్‌స్కూలె. భారత్‌లో మూడో తరగతి చదువుతున్న బిడ్డను ఇక్కడ వయసు ప్రకారమే కూర్చోబెడతారు. "మావాడు ఒక క్లాసు ముందున్నాడు" అన్న వాదన నెగ్గదు, దాని కోసం శక్తి వృథా చేసుకోవద్దు.

ఏడో తరగతి దాకా మార్కులు లేవు, ఫెయిల్ లేదు, యూనిఫాం లేదు. టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు. ఏడాదికి రెండు సార్లు టీచరు మీతోనూ బిడ్డతోనూ కూర్చుని మాట్లాడతారు. ఈ సమావేశాన్ని తేలిగ్గా తీసుకోకండి. మార్కుల కార్డు లేనిచోట బిడ్డ ఎక్కడున్నాడో తెలిసేది ఇక్కడే. "బాగానే ఉన్నాడు" అంటే ఆగిపోకుండా, చదవడంలో ఎలా ఉన్నాడు, లెక్కల్లో ఏది రావడం లేదు, ఆటవిడుపులో ఎవరితో ఆడుతున్నాడు అని విడివిడిగా అడగండి. దుబాసీ కావాలంటే బడి ఏర్పాటు చేస్తుంది. అయిదు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో జాతీయ పరీక్షలు ఉంటాయి. అవి బిడ్డ స్థాయి తెలుసుకోవడానికే, ర్యాంకుల కోసం కాదు. ఆ ఫలితాలు చూపించమని అడగవచ్చు.

మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే. తోటి పిల్లలు రొట్టె ముక్కల మీద చీజ్ పెట్టుకుని తెస్తారు. మన పిల్లలు థర్మస్‌లో పప్పన్నం, పులిహోర తీసుకెళ్లవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. తినడానికి ఇచ్చే సమయం తక్కువ కాబట్టి త్వరగా తినగలిగేవి పెట్టండి.

బడి మధ్యాహ్నమే అయిపోతుంది. ఒకటి నుంచి నాలుగు తరగతుల పిల్లలకు ఆ తర్వాత ఎస్ఎఫ్ఓ అనే సంరక్షణ ఉంటుంది. ఓస్లోలో దాన్ని ఏకేఎస్ అంటారు. ఒకటి నుంచి మూడో తరగతి వరకు వారానికి 12 గంటలు ఉచితం. ఉద్యోగం లేకపోయినా ఆ 12 గంటలు వాడుకోండి, స్నేహాలు కలిసేది అక్కడే.

ఒకటో తరగతి బిడ్డకు బడి 2 కిలోమీటర్లకు మించి దూరముంటే, మిగతా తరగతులకు 4 కిలోమీటర్లకు మించితే ప్రయాణం ఉచితం. సెలవులకు ఇండియా వెళ్లాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఒకసారికి గరిష్ఠంగా పది బడి రోజులు ఇవ్వవచ్చు, అదీ బడికి సమ్మతమైతేనే. పెళ్లికని వెళ్లి రెండు నెలలు ఉండిపోతే బడిలో సీటు పోయే ప్రమాదం ఉంది. ఆ తరగతికే మళ్లీ తీసుకుంటారన్న హామీ ఉండదు. మతపరమైన పండుగ రోజులకు సెలవు అడిగే హక్కు ఉంది. మత బోధన పాఠ్యాంశంలో, ఆరాధనలా అనిపించే భాగాల నుంచి మినహాయింపు కోరవచ్చు.

ఇక ముఖ్యమైన మాట. నార్వేలో 1987 నుంచి పిల్లలను కొట్టడం చట్టవిరుద్ధం, తల్లిదండ్రులకైనా సరే. చెంప మీద చిన్న దెబ్బ కూడా ఇందులోకి వస్తుంది. బిడ్డ నోట ఆ మాట వింటే బాలల సంరక్షణ శాఖకు తెలియజేయాల్సిన చట్టబద్ధ బాధ్యత టీచర్లకు ఉంది. దీన్ని భయంగా కాక ముందే తెలుసుకోవాల్సిన నియమంగా తీసుకోండి. అత్తామామలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్లకూ చెప్పండి.

మరోవైపు చట్టం మీ బిడ్డకు గట్టి రక్షణ ఇస్తుంది. తోటి పిల్లలు ఏడిపిస్తున్నా, ఆటలో కలుపుకోకపోయినా బడి దర్యాప్తు చేసి, ప్రణాళిక రాసి, చర్య తీసుకోవాలి. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన కొత్త విద్యా చట్టం 12వ అధ్యాయం ఈ విషయానిదే. మొహమాటపడకుండా ప్రిన్సిపాల్‌కు రాయండి. వారంలో చలనం లేకపోతే స్టాట్స్‌ఫోర్వాల్తెర్ అనే జిల్లా స్థాయి ప్రభుత్వ అధికారికి ఫిర్యాదు చేసే దారి ఉంది.

నాలుగో అడుగు: పన్నెండు దాటిన పిల్లలతో వస్తుంటే

ఈ భాగం నెమ్మదిగా చదవండి. చిన్నపిల్లలు ఏడాదిన్నరలో భాషలో కలిసిపోతారు. పదమూడు నుంచి పదహారేళ్ల మధ్య వచ్చే పిల్లలకే అసలు కష్టం. ఇక్కడ ఎనిమిదో తరగతి నుంచి మార్కులు మొదలవుతాయి. 1 నుంచి 6 దాకా ఉంటాయి, 6 అత్యుత్తమం. పదో తరగతి చివర ఒక్కో సబ్జెక్టులో టీచరు ఇచ్చే తుది మార్కులు, వాటితోపాటు ఒక రాత పరీక్ష, ఒక మౌఖిక పరీక్ష. ఏ సబ్జెక్టులో పరీక్ష అన్నది లాటరీ తీసి కొద్ది రోజుల ముందే చెబుతారు. అన్నిటి సగటును పదితో గుణిస్తే వచ్చేవే పై చదువుకు పాయింట్లు. సగటు 4.5 ఉంటే 45. అంటే ఏడాదంతా క్లాసులో ఎలా ఉన్నాడన్నదే లెక్క. చివరి రెండు నెలలు రాత్రింబవళ్లు చదివి గట్టెక్కే మన అలవాటు ఇక్కడ పనిచేయదు.

భాష రాని బిడ్డకు చట్టం ఇచ్చే వెసులుబాట్లు చాలానే ఉన్నాయి. అడిగితేనే పూర్తిగా అందుతాయి. కొత్తగా వచ్చిన పిల్లల కోసం పరిచయ తరగతి ఉంటుంది, గరిష్ఠంగా రెండేళ్లు. మామూలు తరగతిలో చేరాక కూడా ప్రత్యేక నార్వేజియన్ బోధన హక్కు. రెండో లిఖిత రూపంలో మార్కుల నుంచి మినహాయింపు. కొన్ని సబ్జెక్టుల్లో మార్కులే వద్దని తల్లిదండ్రులు కోరే అవకాశం. ఈ చివరిదాన్ని వాడే ముందు బడి సలహాదారుతో కూర్చోండి. సగానికి మించి సబ్జెక్టుల్లో మార్కులు లేకపోతే పై తరగతి ప్రవేశానికి వ్యక్తిగత పరిశీలన కింద దరఖాస్తు చేయాలి. దాని గడువు మామూలు గడువుకు నెల ముందు, ఫిబ్రవరి 1.

మీ అమ్మాయి తొమ్మిదిలో ఉండగా రావాల్సి వస్తే, బయల్దేరకముందు నుంచే రోజూ నార్వేజియన్ మొదలుపెట్టించండి. లెక్కల్లో ముందుంది కదా అన్న ధీమా వద్దు. ఇక్కడ లెక్కల ప్రశ్నలూ పేరాగ్రాఫులుగా ఉంటాయి. జవాబుకు ఎలా వచ్చావో మాటల్లో చెప్పాలి. ఓస్లో, స్టావాంగర్, బర్గెన్, ట్రాన్‌హైమ్ లాంటి చోట్ల ఇంగ్లీషు మాధ్యమంలో అంతర్జాతీయ బడులున్నాయి. వాటికి ఫీజు ఉంటుంది, వరుసలో వేచి ఉండాలి. రెండేళ్లలో తిరిగి వెళ్లడం ఖాయమైతే అవి సరైనవి. ఇక్కడే ఉండాలనుకుంటే మాత్రం అవి భాషను వాయిదా వేస్తాయి.

అయిదో అడుగు: పదో తరగతి తర్వాత

పదో తరగతి చివరి శీతాకాలంలో విగో అనే పోర్టల్‌లో దరఖాస్తు, గడువు మార్చి 1. విదెరెగోయెండె అంటే మన ఇంటర్ స్థాయి. కానీ మూడేళ్లు, కొన్ని దారుల్లో నాలుగేళ్లు. ఇది ఫిల్కె, అంటే జిల్లా పరిషత్తు లాంటి సంస్థ చేతిలో ఉంటుంది. 1994 సంస్కరణ నుంచి ప్రతి బిడ్డకూ ఇందులో చోటు హక్కు. అడిగిన మూడు కోర్సుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. ఏ బడిలో అన్నది పాయింట్లను బట్టి. ఓస్లోలో పేరున్న బడులకు పోటీ తీవ్రం.

దారులు రెండు. ఒకటి విశ్వవిద్యాలయానికి సిద్ధం చేసే అయిదు కోర్సులు. వాటిలో ఎక్కువమంది చేరేది స్టుడియెస్పెషలిసెరింగ్, జనరల్ చదువు. మనకు ఎంపీసీ, బైపీసీ అని మొదట్లోనే విడిపోతుంది. ఇక్కడ మొదటి ఏడాది అందరికీ దాదాపు ఒకటే, రెండో ఏడాది నుంచి సబ్జెక్టులు ఎంచుకుంటారు. మొదటి ఏడాదిలోనే ఒక చిన్న నిర్ణయం ఉంది: లెక్కల్లో సిద్ధాంత ప్రధానమైన 1టీ తీసుకోవాలా, రోజువారీ లెక్కలుండే 1పీ తీసుకోవాలా. ఇంజినీరింగ్, మెడిసిన్ ఆలోచన ఏమాత్రం ఉన్నా 1టీ తీసుకోమనండి. ఆపై ఇంజినీరింగ్‌కు లెక్కల్లో పై స్థాయి కోర్సులు ఆర్1, ఆర్2, వాటితోపాటు ఫిజిక్స్ 1 తప్పనిసరి. మెడిసిన్‌కు ఆర్1, ఫిజిక్స్ 1, కెమిస్ట్రీ 1, 2. సాంకేతిక విద్యకు పేరున్న విశ్వవిద్యాలయం ఎన్‌టీఎన్‌యూలో అయిదేళ్ల సివిల్‌ఇంజినీర్ డిగ్రీలకు ఆర్2లో కనీసం 4 ఉండాలి. ఈ పేరు చూసి భవనాలు కట్టే సివిల్ అనుకోవద్దు, అన్ని శాఖల్లోనూ ఆ డిగ్రీకి అదే పేరు. సబ్జెక్టుల ఎంపిక జరిగే వసంతకాలంలో బిడ్డ సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీరూ చూడండి. ఆ ఒక్క పేజీలో తప్పిన సబ్జెక్టు మూడేళ్ల తర్వాత తలుపు దగ్గర అడ్డు నిలుస్తుంది.

గైర్హాజరు సంగతి కూడా ఉంది. కారణం చూపకుండా ఒక సబ్జెక్టు గంటల్లో 10 శాతం మించి మానేస్తే ఆ సబ్జెక్టులో మార్కు రాకుండా పోవచ్చు.

రెండో దారి వృత్తి విద్య. పది కోర్సులు: విద్యుత్తు, నిర్మాణం, ఆరోగ్యం, ఆహారం, రవాణా వగైరా. రెండేళ్లు బడిలో, రెండేళ్లు సంస్థలో అప్రెంటిస్‌గా జీతం తీసుకుంటూ పని. చివర ఫాగ్‌బ్రెవ్ అనే వృత్తి పత్రం. మన ఇళ్లలో ఈ మాట ఎత్తితేనే ముఖాలు ముడుచుకుంటాయి. "ఐటీఐకి పంపమంటారా?" అంటారు. నార్వేలో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, నౌకల మెకానిక్ మర్యాదగా, మంచి జీతంతో బతుకుతారు. పదహారేళ్లకే చేతిపని మీద మనసున్న పిల్లవాణ్ణి బలవంతంగా జనరల్ చదువులో వేయడం అన్యాయం. పైగా ఈ దారి విశ్వవిద్యాలయానికి మూసుకుపోదు. పోబిగ్గింగ్ అనే ఒక్క ఏడాది అదనపు చదువుతో సాధారణ అర్హత వస్తుంది. ఫాగ్‌బ్రెవ్ ఉన్నవారిని నేరుగా ఇంజినీరింగ్‌లో చేర్చుకునే ప్రత్యేక ప్రవేశం కొన్ని సంస్థల్లో ఉంది.

అప్రెంటిస్ స్థానం మాత్రం దానంతట అది దొరకదు. రెండో ఏడాది శీతాకాలం నుంచే కంపెనీలకు రాయాలి, వెళ్లి కలవాలి. తెలిసినవాళ్లు తక్కువగా ఉండే వలస కుటుంబాల పిల్లలకు ఇది కష్టం. మీ ఆఫీసులో, ఇరుగుపొరుగులో అడగడానికి సందేహించకండి.

చివరి ఏడాది వసంతంలో పిల్లలు ఎర్ర రంగు ఓవరాల్స్ వేసుకుని మే 17 జాతీయ దినం దాకా రుస్ సంబరాలు చేసుకుంటారు. పరీక్షలు ఆ వెంటనే ఉంటాయి. ఇందులో ఖర్చు గురించీ రాత్రి వేళల గురించీ ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

ఆరో అడుగు: విశ్వవిద్యాలయం

బ్యాచిలర్ స్థాయి ప్రవేశాలన్నీ దాదాపు ఒకే కేంద్ర వ్యవస్థ ద్వారా, సామోర్ద్నా ఓప్‌తాక్‌లో జరుగుతాయి. గడువు ఏప్రిల్ 15. విదేశీ సర్టిఫికెట్లతో దరఖాస్తు చేసేవారికి మార్చి 1. పది కోర్సుల దాకా వరుసగా పెట్టుకోవచ్చు. వరుస మీ ఇష్టం ప్రకారమే పెట్టండి. జులై 20 ప్రాంతంలో సీట్లు ప్రకటిస్తారు. ప్రవేశ పరీక్ష లేదు, స్కూలు మార్కుల సగటే ఆధారం. సైన్స్ సబ్జెక్టులకు గరిష్ఠంగా 4 అదనపు పాయింట్లు. సగం సీట్లు 21 ఏళ్లలోపు, మొదటిసారి వచ్చిన సర్టిఫికెట్ మార్కులతో పోటీ పడేవారికి. మార్కు నచ్చకపోతే ప్రైవేటుగా కట్టి మళ్లీ రాయవచ్చు, నమోదు గడువులు సెప్టెంబరు 15, ఫిబ్రవరి 1. మెడిసిన్ కోసం అలా రాసేవాళ్లు చాలామందే ఉంటారు.

బ్యాచిలర్ మూడేళ్లు, మాస్టర్స్ రెండేళ్లు. మెడిసిన్ ఆరేళ్లు. 1811లో స్థాపించిన ఓస్లో విశ్వవిద్యాలయం అన్నిటికన్నా పాతది. సాంకేతిక విద్యకు ట్రాన్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ, సముద్ర శాస్త్రాలకు బర్గెన్, ధ్రువ ప్రాంత పరిశోధనకు ట్రామ్సో, చమురు రంగానికి స్టావాంగర్, వ్యవసాయం, పశువైద్యానికి ఓస్‌లోని విశ్వవిద్యాలయం. మన దగ్గరలాగా ఒకటో నంబరు కాలేజీ కోసం పరుగెత్తే అవసరం ఇక్కడ అంతగా లేదు. కోర్సు చూసి ఊరు ఎంచుకోండి.

కొందరు పిల్లలు విశ్వవిద్యాలయానికి ముందు ఏడాదిపాటు ఫోల్కెహోగ్‌స్కూలెకు వెళ్తారు. హాస్టల్లో ఉండి సంగీతమో, కొండలెక్కడమో, సినిమా తీయడమో నేర్చుకునే బడి. పరీక్షలు, మార్కులు ఉండవు. మొదటిది 1864లో హామర్‌లో పుట్టింది. ఏడాది వృథా అని మనకు అనిపిస్తుంది గానీ ప్రవేశ లెక్కలో రెండు పాయింట్లు కూడా ఇస్తారు.

ఖర్చులకు లోనెకాసెన్ అనే ప్రభుత్వ సంస్థ 1947 నుంచి అప్పులూ గ్రాంట్లూ ఇస్తోంది. ఇంటికి దూరంగా ఉండి చదువుతూ పాసవుతూ డిగ్రీ పూర్తి చేస్తే ప్రాథమిక రుణంలో 40 శాతం వరకు గ్రాంటుగా మారుతుంది. విదేశీ పౌరసత్వం ఉన్నవారికి షరతులు వేరుగా ఉంటాయి. మీ పిల్లల నివాస అనుమతి రకంతో సరిపోల్చుకోండి.

ఏడో అడుగు: ఇండియా నుంచి నేరుగా చదువుకు రావాలనుకుంటే

"నార్వేలో చదువు ఉచితం" అని ఇంకా చెప్పే కన్సల్టెన్సీలను నమ్మవద్దు. 2023 శరదృతువు నుంచి యూరోపియన్ ఆర్థిక ప్రాంతం బయటి దేశాల విద్యార్థులు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ ఫీజు కట్టాలి. చాలా కోర్సులకు ఏడాదికి లక్ష క్రోనర్లు దాటుతుంది. శాశ్వత నివాసం ఉన్నవారికి మినహాయింపు. మిగతా అనుమతులున్నవారు విశ్వవిద్యాలయం ప్రకటించిన మినహాయింపుల జాబితా చూడాలి. ఫీజుకు పైన, ఏడాది జీవనానికి డబ్బు ఉన్నట్టు వీసా శాఖ యూడీఐకి చూపాలి. ఆ మొత్తం ఏటా పెరుగుతుంది.

బ్యాచిలర్ కోర్సులు ఎక్కువగా నార్వేజియన్‌లోనే. దేశాలవారీ అర్హతల జాబితా ఒకటి ఉంది. ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే చాలనుకోకుండా భారత్ దగ్గర ఏం రాశారో చూసుకోండి. మాస్టర్స్ ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. బయటి దేశాలవారికి గడువు ముందటి ఏడాది నవంబరు, డిసెంబరుల్లోనే ముగుస్తుంది. బీటెక్ చివరి ఏడాది మొదట్లోనే కాగితాలు సిద్ధం కావాలి. చదువుతూ వారానికి 20 గంటలు పని చేయవచ్చు, కానీ నార్వేజియన్ రాకపోతే పని దొరకడం కష్టం.

మాస్టర్స్ అయ్యాక పరిశోధన వైపు మనసుంటే నార్వేను గట్టిగా పరిశీలించండి. ఇక్కడ పీహెచ్‌డీ సీటు కాదు, ఉద్యోగం. ఫీజు ఉండదు, మూడు నాలుగేళ్లు జీతం, పింఛను, సెలవులు. ప్రకటనలు జాబ్‌నోర్గె వెబ్‌సైట్‌లో వస్తాయి. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టి ఎదురుచూడటం కాకుండా ఆ ప్రకటనకే దరఖాస్తు చేయాలి.

తిరిగి వెళ్లాల్సి వస్తే

పదో తరగతి ఇక్కడ పదహారేళ్లకు, విదెరెగోయెండె పంతొమ్మిదేళ్లకు ముగుస్తుంది. మనకన్నా ఏడాది, ఆపైనే ఆలస్యం. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ప్రయత్నం ఉంటే ఈ తేడాను ముందే లెక్కేసుకోండి. సర్టిఫికెట్లకు నార్వేలో స్టాట్స్‌ఫోర్వాల్తెర్ దగ్గర అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరించే) ముద్ర వేయించుకోండి. ఇండియాలో కాలేజీలో చేరడానికి అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ నుంచి సమానత్వ పత్రం తీసుకోవాలి. ఏడో తరగతిలోపు వెళ్లేవారికి మార్కుల కార్డు ఉండదు కాబట్టి, ఏ తరగతి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చదివాడో రాసి, సంతకం, ముద్రతో ఇంగ్లీషులో ఒక లేఖ ఇమ్మని ప్రిన్సిపాల్‌ను అడగండి. జూన్ మూడో వారంలో బడులు మూతపడతాయి. ఆ తర్వాత ఆగస్టు దాకా సంతకం పెట్టే మనిషి దొరకరు, మే నెలలోనే అడగండి.